రిపోర్టు మీదున్న ఆ రెండు అంకెల గురించి

తెలంగాణ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ గారికి,



మన రాష్ట్రంలో ఎక్కడ హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నా చేతికొచ్చే కాగితం మీద ‘హెచ్‌ఐవీ 1, 2’ అని ఉంటుంది. కొన్ని ల్యాబులు రోమన్ అంకెలు వేస్తాయి. ఆ అంకెలు ఏమిటో కాగితం అందుకున్న మనిషికి చెప్పేవాళ్లు చాలా తక్కువ. ప్రభుత్వ కేంద్రమైనా ప్రైవేటు ల్యాబైనా, ప్రతి హెచ్‌ఐవీ రిపోర్టు కింద వాటి అర్థం తెలుగులో నాలుగు ముక్కల్లో అచ్చు వేయించాలి. హెచ్‌ఐవీ-2 అని అనుమానం వచ్చిన ప్రతి మనిషికీ అది అవునో కాదో తేల్చే పరీక్ష ఆలస్యం లేకుండా అందాలి. ఈ రెండూ అడగడానికే ఈ ఉత్తరం. మీ ఒక్కరికే పంపకుండా అందరి ముందూ రాయడానికి కారణం ఉంది. ఆ కాగితాన్ని జేబులో మడిచి పెట్టుకుని, ఎవరికీ చూపించలేక తిరుగుతున్నవాళ్లు కూడా దీన్ని చదువుతారని ఆశ.

నేను చాలా ఏళ్లు ప్రైవేటు ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇప్పుడు మా ఊరు దూలపల్లిలోనే ఉంటున్నాను. దూలపల్లి అనగానే బయటివాళ్లకు ఫారెస్ట్ అకాడమీ, దాని చుట్టూ ఉన్న అడవి గుర్తొస్తాయి. ఇక్కడ ఉండేవాళ్లకు మరో దూలపల్లి కూడా తెలుసు. ఒక పక్క జీడిమెట్ల పారిశ్రామికవాడ, ఇంకో పక్క కొంపల్లి మీదుగా మేడ్చల్ వెళ్లే హైవే, మధ్యలో చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు, గోదాములు, వాటి వెనక వరసగా అద్దె గదులు. ఒక్కో గదిలో నలుగురైదుగురు మగవాళ్లు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, మన పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. భార్యాపిల్లలు ఊళ్లో, వీళ్లు ఇక్కడ. లారీ డ్రైవర్లు సరే సరి. వీళ్లలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే డాక్టరు రాసే పరీక్షల్లో హెచ్‌ఐవీ ఒకటి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు, రక్తం ఇచ్చేటప్పుడు కూడా ఉంటుంది. అలా వచ్చిన కాగితాలు నా దగ్గరికి చేరుతుంటాయి, ‘ఆయన ల్యాబులో పనిచేశాడు, చదివి చెప్తాడు’ అని.

వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. “ఒకటి అంటే ఫస్ట్ స్టేజా అన్నా? ఇంకా ముదరలేదు కదా?”

తప్పు వాళ్లది కాదు. క్యాన్సర్‌లో ఒకటో స్టేజీ, రెండో స్టేజీ అంటారు. అదే లెక్క దీనికీ వేసుకుంటారు. హెచ్‌ఐవీ-1 రియాక్టివ్ అని వచ్చిన ఒక కుర్రాడు, రెండో నంబరు వచ్చినప్పుడు మందులు మొదలుపెడదామని నెలల తరబడి ఊరుకున్నాడు. అతనికి ఆ మాట ఎవరూ చెప్పలేదు, కాగితమే అలా చెప్పినట్టు అనిపించింది. ఇంకో ఇంట్లో పెళ్లి సంబంధం మాట్లాడుతుండగా అమ్మాయి పాత ఆపరేషన్ కాగితాలు బయటికొచ్చాయి. ‘హెచ్‌ఐవీ 1 అండ్ 2’ అనే పంక్తిని చదివి, పక్కనే ఉన్న ‘నాన్ రియాక్టివ్’ అన్న మాట అర్థంకాక, రెండూ ఉన్నాయని భయపడ్డారు. యంత్రంలో చేసే పరీక్షల్లో ‘0.23’ లాంటి అంకె కూడా వస్తుంది. ఒకటి కంటే తక్కువ ఉంటే లేనట్టే లెక్క. కానీ 0.23 అంటే కొంచెం ఉందేమోనని నిద్రపోనివాళ్లను చూశాను. ఇలాంటివన్నీ నాలుగు ముక్కల తెలుగుతో ఆగిపోయే బాధలు.

ఇక అసలు తేడా సంగతి. ఇది మీకు తెలియదని కాదు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

హెచ్‌ఐవీ-1, హెచ్‌ఐవీ-2 ఒకే జబ్బులోని రెండు దశలు కావు, రెండు వేర్వేరు వైరస్‌లు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల లాంటివి. పుట్టిన చోటు కూడా వేరు. హెచ్‌ఐవీ-1 మధ్య ఆఫ్రికాలోని చింపాంజీల నుంచి మనిషికి చేరింది. హెచ్‌ఐవీ-2 పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే అనే కోతుల నుంచి చేరింది. జన్యువులు పక్కపక్కన పెట్టి చూస్తే సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే కలుస్తాయి. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వాజ్ బారె-సినుస్సీ, లూక్ మోంటాన్యే బృందం 1983లో మొదటిదాన్ని పట్టుకుంది. అందుకే 2008లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1986లో పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఎయిడ్స్ రోగుల్లో రెండోది బయటపడింది. అదే ఏడాది మన దేశంలో, చెన్నైలో, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పనివల్ల మొదటిసారి హెచ్‌ఐవీ కనబడింది. మన దేశంలో హెచ్‌ఐవీ-2 ఉందని 1991లో ముంబయి రోగుల నుంచి తెలిసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా మన దగ్గర ఎక్కువ భాగం హెచ్‌ఐవీ-1దే, అందులోనూ సబ్‌టైప్ సీ అనే శాఖది. హెచ్‌ఐవీ-2 అరుదు. అరుదు కాబట్టే దాన్ని మరిచిపోవడం సులువు, మరిచిపోతే నష్టపోయేది ఆ కొద్దిమందే.

రెండూ సోకే దారులు ఒకటే. రక్షణ లేని కలయిక, రక్తం, సూదులు, తల్లి నుంచి బిడ్డకు. కానీ వేగం వేరు. హెచ్‌ఐవీ-2 ఉన్నవాళ్ల రక్తంలో వైరస్ సాధారణంగా చాలా తక్కువ ఉంటుంది. అందుకే ఒకరి నుంచి ఒకరికి పాకడం కూడా తక్కువ. మందులేమీ వాడకపోతే హెచ్‌ఐవీ-1 ఉన్న తల్లి నుంచి బిడ్డకు 15 నుంచి 45 శాతం దాకా సోకే ప్రమాదం ఉంది. హెచ్‌ఐవీ-2 విషయంలో అది 5 శాతం లోపే. చాలాకాలం డాక్టర్లు కూడా ‘రెండోది మెత్తనిది, చాలామందిని ఏమీ చేయదు’ అనేవాళ్లు. ఆ మాటను గినియా-బిసావు పోలీసులు మార్చారు. ఆ చిన్న దేశంలో పోలీసు సిబ్బందిని 1990 నుంచి రెండు దశాబ్దాలకు పైగా పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. 2018లో బయటికొచ్చిన ఫలితాల ప్రకారం వైద్యం అందకపోతే హెచ్‌ఐవీ-1 సోకినవాళ్లకు ఎయిడ్స్ రావడానికి మధ్యస్థంగా 6 ఏళ్లు, హెచ్‌ఐవీ-2 సోకినవాళ్లకు 14 ఏళ్లు పట్టింది. అంటే రెండోది మెల్లగా వస్తుంది, కానీ వస్తుంది. వచ్చాక క్షయ అదే, నోటి పూత అదే, మెదడువాపు అదే, చావూ అదే. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి పద్నాలుగేళ్లు అంటే నలభై కూడా నిండని వయసు. పిల్లలు హైస్కూలుకు వచ్చే వయసు. మెత్తనిదని ఆ కుటుంబంతో ఎవరైనా ఎలా అనగలరు?

నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ వేగం కాదండీ. హెచ్‌ఐవీ-2ను మనం వాడే చాలా పరికరాలు చూడలేవు, మనం ఏళ్ల తరబడి వాడిన మందులు దాన్ని తాకలేవు. అసలు ప్రమాదం అక్కడుంది.

రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష సంగతే చూడండి. మందులు వాడుతున్నవాళ్లకు ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రంలో, చేసేది అదే. ‘కనబడలేదు’ అని వస్తే ఆ మనిషి ముఖం వెలిగిపోతుంది. ఆ స్థితి నిలకడగా ఉంటే భాగస్వామికి కలయిక ద్వారా హెచ్‌ఐవీ సోకదని ఈరోజు ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. ఆ ధైర్యం ఎన్నో కాపురాలను నిలబెట్టింది. కానీ మామూలుగా వాడే వైరల్ లోడ్ పరీక్షను హెచ్‌ఐవీ-1 జన్యువును వెతకడానికి తయారు చేశారు. హెచ్‌ఐవీ-2 ఉన్న మనిషి రక్తాన్ని అందులో పెడితే, లోపల వైరస్ ఎంత ఉన్నా ‘కనబడలేదు’ అనే చెప్పే వీలుంది. యంత్రం అబద్ధం చెప్పదు, దాన్ని అడిగిన ప్రశ్నే వేరు. కాగితం చూసి సంబరపడిన మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? రకం ముందే తేలి ఉంటే కౌన్సెలర్ చెప్పగలరు. తేలకపోతే ఎవరూ చెప్పలేరు. హెచ్‌ఐవీ-2 ఉన్నవాళ్లకు సీడీ4 కణాల లెక్క, బరువు, ఒంట్లో వచ్చే మార్పులు, దొరికిన చోట హెచ్‌ఐవీ-2కు విడిగా చేసే వైరల్ లోడ్ పరీక్ష, వీటి మీదే ఆధారపడాలి.

పుట్టిన బిడ్డ విషయంలోనూ ఇంతే. హెచ్‌ఐవీ-1 ఉన్న తల్లికి పుట్టిన పాపకు ఆరు వారాలకే రక్తపు చుక్కతో పీసీఆర్ పరీక్ష చేసి చెప్పగలం. ఆ పరీక్ష కూడా హెచ్‌ఐవీ-1 కోసమే. తల్లికి రెండోది ఉంటే ఆ పరీక్షను నమ్ముకోలేం. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పోయేదాకా, అంటే పద్దెనిమిది నెలలు నిండేదాకా ఆగి యాంటీబాడీ పరీక్షతో తేల్చుకోవాలి. ఆ ఏడాదిన్నర ఆ తల్లి ఎలా గడుపుతుందో ఊహించండి. ఇది ముందే తెలిసి కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఉంటే ఒకలా ఉంటుంది, ఆరు వారాలకు ‘ఏమీ లేదు’ అని పంపేసి తర్వాత మాట మారిస్తే ఇంకోలా ఉంటుంది.

మందుల సంగతి మరీ ముఖ్యం. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ముందుగా మొదలుపెట్టారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఆ రోజుల్నించి దాదాపు పదిహేనేళ్లు మొదటి వరుస చికిత్సలో నెవిరపిన్ లేదా ఎఫవిరెంజ్ ఉండేవి. అవి లక్షల ప్రాణాలు నిలిపాయి. నేను చూసినవాళ్లలోనే మంచానపడి లేవలేనివాళ్లు నెవిరపిన్ ఉన్న మాత్రలతో లేచి పనికి వెళ్లారు. కానీ ఆ కుటుంబం మందులు హెచ్‌ఐవీ-2 మీద పుట్టుకతోనే పనిచేయవు. వైరస్ అలవాటుపడి మొండికేయడం కాదు, ఆ మందు వెళ్లి పట్టుకోవలసిన చోటు రెండోదాంట్లో వేరుగా ఉంటుంది. రకం తేల్చకుండా అలాంటి మూడు మందుల మాత్ర ఇస్తే ఆ మనిషి మింగేది నిజానికి రెండు మందులే. అలా కొంతకాలం గడిస్తే పనిచేసే ఆ రెండింటికి కూడా వైరస్ లొంగకుండా పోతుంది. కాన్పు సమయంలో తల్లికి, పుట్టగానే బిడ్డకు నెవిరపిన్ ఇచ్చిన కాలంలోనూ హెచ్‌ఐవీ-2 ఉన్న తల్లులకు అది అక్కరకు రాలేదు. అందుకే అలాంటి బిడ్డకు జిడోవుడిన్ ఇవ్వాలని నియమాలు వచ్చాయి.

2020 నుంచి దశలవారీగా మన ఏఆర్‌టీ కేంద్రాల్లో టీఎల్‌డీ మాత్ర వచ్చింది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్, మూడూ ఒకే బిళ్లలో, రోజుకు ఒకటి. ఇది రెండు రకాల మీదా పనిచేస్తుంది. ఈ మాత్ర చవకగా రావడం వెనక మన హైదరాబాద్ ఉందని చాలామందికి తెలియదు. 2017 సెప్టెంబరులో పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్లకే ఈ మాత్ర ఇచ్చే ఒప్పందం ప్రకటించినప్పుడు, తయారుచేస్తామని ముందుకొచ్చినవి రెండు సంస్థలు. ఒకటి ఇక్కడి అరబిందో. రెండోది మైలాన్, దాని భారతీయ విభాగం హైదరాబాద్‌లోని మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్ పునాది మీద లేచింది. మా ఊరి నుంచి శామీర్‌పేట దాటి వెళితే తుర్కపల్లి. అక్కడ జీనోమ్ వ్యాలీలో లారస్ ల్యాబ్స్ పరిశోధన కేంద్రం ఉంది. ప్రపంచం వాడే హెచ్‌ఐవీ మందుల ముడిపదార్థాల్లో ఆ సంస్థది పెద్ద వాటా. ఆఫ్రికాలో ఎక్కడో ఒక తల్లి మింగే బిళ్లలో మా జిల్లా మనుషుల చెమట ఉందని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది. ఆ మందుల మీద పరిశోధన జరిగే చోటికి ఇంత దగ్గర్లో ఉన్న అద్దె గదుల్లో మనుషులు ‘ఒకటో నంబరే కదా’ అనుకుని మందులు మొదలుపెట్టకపోవడం తలుచుకుంటే అంతే బాధగా ఉంటుంది.

టీఎల్‌డీ వచ్చింది కాబట్టి రకం తేల్చే పని ఇక అక్కర్లేదని కొందరు అంటున్నారు. దయచేసి ఆ వాదనను ఒప్పుకోకండి. వైరల్ లోడ్ సంగతి, బిడ్డ పరీక్ష సంగతి పైన చెప్పాను. వాటికి రకం తెలియాల్సిందే. ఇంకొకటి, రాబోయే మందులు మళ్లీ ఈ తేడాను ముందుకు తెస్తున్నాయి. నెలకో రెండు నెలలకో ఒకసారి వేసే కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ జంట ఇంజెక్షన్లలో రిల్పివిరిన్ ఆ పాత నెవిరపిన్ కుటుంబానిదే, హెచ్‌ఐవీ-2 మీద పనిచేయదు. ఆరు నెలలకు ఒకసారి ఇంజెక్షన్‌గా వేసి హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనాకాపవిర్‌కు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని చవక రూపాన్ని 2027 నుంచి ఏడాదికి మనిషికి సుమారు 40 డాలర్లకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించినవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాద్ సంస్థలే. ఎంత సంతోషమో చెప్పలేను. కానీ ఆ అనుమతి హెచ్‌ఐవీ-1 విషయంలోనే. ప్రయోగశాలల్లో హెచ్‌ఐవీ-2 మీద దాని బలం బాగా తగ్గినట్టు తేలింది. రేపు అది మన మేడ్చల్ ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఇంట్లో ఒకరికి రెండో రకం ఉన్న దంపతులకు ఈ సంగతి తెలియకుండా సూది వేయించుకునే పరిస్థితి రాకూడదు.

ఇక ల్యాబులో పనిచేసినవాడిగా ఒక మాట. రెండో రకం అని రాపిడ్ పరీక్ష కార్డు చెప్పినంత మాత్రాన అది రెండో రకం కాదు. చాలా కార్డుల్లో, పరీక్ష సరిగ్గా జరిగిందని చూపే కంట్రోల్ గీత కాక, ఒకటికి ఒక గీత, రెండుకు ఒక గీత ఉంటాయి. హెచ్‌ఐవీ-1 బాగా ఉన్న రక్తంలో యాంటీబాడీలు ఎక్కువై, రెండో గీత దగ్గర కూడా పలుచగా అంటుకుంటాయి. అప్పుడు ‘రెండూ రియాక్టివ్’ అని వస్తుంది. వీళ్లలో ఎక్కువమందికి నిజానికి ఉండేది ఒకటో రకమే. కొందరికి రెండూ ఉండవచ్చు కూడా. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాకుండా అడ్డుపడదు. ఇది తేలాలంటే రక్తం ప్రత్యేక ల్యాబుకు వెళ్లాలి. అక్కడికి పంపే దారి మీ నియమాల్లో ఉంది, కానీ మనిషికి ఆ దారి పొడుగ్గా కనబడుతుంది. ప్రైవేటు ల్యాబు కాగితంతో వచ్చినవాణ్ణి ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి, వెళ్లమంటాం. అక్కడ మళ్లీ వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు. ఆ తర్వాత ఏఆర్‌టీ కేంద్రం, అక్కడి నుంచి పై ల్యాబు. ఒక్కో మెట్టుకు ఒక రోజు కూలి పోతుంది. గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో వెళ్లి రావడమంటే జీడిమెట్ల షిఫ్టు కార్మికుడికి ఆ రోజు పని పోయినట్టే. మధ్యలో ఎక్కడో మనిషి జారిపోతాడు. రక్తం ప్రయాణం చేయాలి గానీ రోగి ఎందుకు చేయాలి? మందులు మాత్రం ఈ తీర్పు కోసం ఆపనక్కర్లేదు, టీఎల్‌డీతో వెంటనే మొదలుపెట్టవచ్చు. ఈ మాట కూడా వాళ్లకు గట్టిగా చెప్పాలి.

వాట్సాప్‌లో తిరిగే ‘కొత్త ప్రమాదకర హెచ్‌ఐవీ’ గురించి కూడా జనం అడుగుతారు. 2022 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లో వీబీ అనే రకం గురించి వార్త వచ్చింది. అది హెచ్‌ఐవీ-1లోని సబ్‌టైప్ బీ శాఖ. రోగనిరోధక శక్తిని త్వరగా తగ్గిస్తుంది, కానీ మామూలు మందులకే లొంగుతుంది. మనకు దానితో పేచీ లేదు.

మన పేచీ మన దగ్గరే ఉంది. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో పెద్దల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మన రాష్ట్రంలో సగటుకు రెట్టింపు పైన. సంఖ్యలో చూస్తే సుమారు లక్షన్నర మంది మనవాళ్లు. ఈ లక్షన్నరలో రెండో రకం ఉన్నవాళ్లు కొద్దిమందే కావచ్చు. వాళ్లను వెతికి, గుర్తుపట్టి, సరైన పరీక్షతో వెంట ఉండడం మీ సంస్థకు చేతకాని పని కాదు.

ఒక్క విషయంలో ఒకటీ రెండూ అన్న తేడా లేదు, అది పరువు, ఉపాధి. ఇక్కడి చిన్న కంపెనీల్లో పనికి చేరేముందు ‘బ్లడ్ టెస్టులు’ అడిగే అలవాటు ఉంది. అందులో హెచ్‌ఐవీ కలిపేసేవాళ్లూ ఉన్నారు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగానికి షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష పెట్టడం దాని ప్రకారం వివక్ష. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. వందమంది, ఆపైన పనిచేసే సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఉండాలి. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీ గేట్ల దగ్గర అగ్నిమాపక నంబరు బోర్డు చూశాను గానీ, ఈ చట్టం పేరు రాసిన బోర్డు నాకు కనబడలేదు. పరీక్షకు భయపడే మనిషి ఆ భయంతో రకం తేల్చుకోవడానికి ఇంకెన్ని మెట్లు ఎక్కుతాడు?

రిపోర్టు కింద రాయవలసిన మాటల ముసాయిదా ఇక్కడే పెడుతున్నాను, మీ వైద్యులు సరిదిద్దాలి:

‘హెచ్‌ఐవీలో రెండు రకాలున్నాయి, 1, 2, ఇవి జబ్బు దశలు కావు. నాన్ రియాక్టివ్ అంటే ఈ పరీక్షలో రెండూ కనబడలేదని అర్థం. గడిచిన మూడు నెలల్లో సోకే అవకాశం ఏర్పడి ఉంటే మళ్లీ పరీక్ష చేయించుకోండి. రియాక్టివ్ అంటే, ఏ రకమని ఉన్నా, ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఐసీటీసీకి వెళ్లండి. అక్కడ నిర్ధారణ, ఆ తర్వాత మందులు ఉచితం. సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.’

దీని కిందే హిందీలో, ఒడియాలో కూడా ఉంటే మా అద్దె గదులన్నిటికీ పనికొస్తుంది. ప్రైవేటు ల్యాబులకు ఇది సర్కులర్‌గా వెళ్లాలి. ప్రతి ఏఆర్‌టీ కేంద్రంలో హెచ్‌ఐవీ-2 అనుమానమున్న రక్తాన్ని పై ల్యాబుకు పంపిన తేదీ, ఫలితం వచ్చిన తేదీ రాసే రిజిస్టరు పెట్టి, ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు పట్టిందో మీరు ప్రతి నెలా చూడాలి. పేర్లు అక్కర్లేదు, రోజులు చాలు. ఫ్యాక్టరీలకు సెలవు ఉండే ఆదివారం నాడు, లేదా షిఫ్టు దిగాక సాయంత్రం, నెలకొకసారైనా మా ఊరికి పరీక్షల బృందాన్ని పంపాలి. కౌన్సెలర్‌కు హిందీ వచ్చి ఉండాలి. మగవాళ్ల గదుల మధ్య కాకుండా, ఆడవాళ్లు కూడా రాగలిగే చోట పెట్టాలి. అలాంటి చోటు చూసి పెట్టే పని ఊళ్లో నలుగురితో మాట్లాడి నేను చేస్తాను.

రిపోర్టు కింద వేసే ఆ ముసాయిదా వాక్యాలను అచ్చుకు పంపేముందు ఒక్క పని చేయండి. వాటిని డాక్టర్లతో పాటు, ఒక లారీ డ్రైవరుతోనూ, ఏడో నెల గర్భిణితోనూ, గోదాములో మూటలు మోసే మనిషితోనూ చదివించండి. వాళ్లకు ఏ మాట దగ్గర అనుమానం వస్తే ఆ మాట తీసేసి, వాళ్లు చెప్పిన మాట రాయండి.

ఇట్లు,
దూలపల్లి వాసి, మాజీ ల్యాబ్ టెక్నీషియన్
దూలపల్లి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా